మేకకు పట్టిన దాహం

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఏదైనా ఉందంటే, అది ఇంకా ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదనుకునేదాన్ని. ఫార్మసీ చదువు అప్పుడే ముగిసింది. ఆదోనిలో మా ఇంటి ముందు నుంచి పోయే ప్రతి మనిషినీ చూసి, తిన్నాక వేసుకోవాల్సిన మాత్రను తినకముందే వేసుకుంటున్నారేమోనని బాధపడే వయసు. (ఇప్పుడు నా మందుల షాపు ముందు నుంచి పోయేవాళ్లను చూసి, నడుస్తున్నారు కదా, చాలు అనుకుంటున్నాను.) అట్లాంటి సమయంలో ఎమ్మిగనూరులో ఒక ధర్మాసుపత్రి వాళ్లు నన్ను పనిలోకి తీసుకున్నారు. ఆసుపత్రికి వచ్చే ముసలివాళ్ల ఇళ్లకు పోయి, వాళ్లు ఏ మందులు వాడుతున్నారో, సరిగా వాడుతున్నారో లేదో చూసి, పెద్ద డాక్టరు గారికి చెప్పడం నా పని. తెల్లకోటు ఒకటి ఇచ్చారు. దాన్ని ఆదోని బస్టాండులోనే తొడుక్కుని, దారి పొడుగునా ఎండకు ఉడికిపోతూ, ఎవరైనా 'డాక్టరమ్మా' అంటారేమోనని ఎదురుచూసేదాన్ని. కండక్టరు మాత్రం రోజూ "జరుగు పాపా" అనేవాడు.

నాకు అప్పజెప్పిన ఇళ్లన్నీ మగ్గాల వీధిలోవి. మందులు చూపించమంటే ఆ వీధివాళ్లు బిస్కట్ల డబ్బా తెచ్చి నా ఒళ్లోనే బోర్లించేవాళ్లు. మాత్రలతో పాటు గుండీలు, సూదులు, టార్చిలైటు సెల్లులు, ఎప్పుడో చనిపోయిన పెదనాన్న వాడిన దగ్గు మందు కూడా అందులో ఉండేవి. మంచి మందు కదా, పారేయబుద్ధి కాలేదనేవాళ్లు. ఆ వీధి చివరింట్లో ఉండేవాడు గుంట తాత. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడంటే మధ్యాహ్నం బువ్వకు గాని పైకి రాడు కనుక వీధంతా ఆయన్ను అట్లా పిలిచేది. ఆయనకు గుండె కాస్త నీరసించి కాళ్లు వాచేవి. ఒంట్లో చేరిన నీరు బయటికి పోవడానికి డాక్టరు గారు పొద్దున పూట వేసుకోమని నీళ్ల మాత్ర రాశారు. నేను మొదటిసారి పోయి చూస్తే మాత్రలు సగానికి సగం షీట్లలోనే ఉన్నాయి. మర్చిపోతున్నానన్నాడు తాత. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను, ఎందుకంటే మరుపుకు విరుగుడు నా సంచిలోనే ఉంది. వారంలో ఏ రోజుకు ఆ రోజు గది ఉన్న ప్లాస్టిక్ డబ్బా అది. తాత భార్య అవ్వను పిలిచి, ఏ మాత్ర ఏ గదిలో వేయాలో చూపించి, తాత మింగేదాకా ఎదురుగా నిలబడి నోరు తెరిపించి చూడమని చెప్పి, పెద్ద పని చక్కబెట్టిన మనిషిలా బస్టాండుకు నడిచాను.

నెల తిరిగి పోయేసరికి షీట్లూ ఖాళీ, డబ్బా ఖాళీ. తన కళ్ల ముందరే వేసుకుంటున్నాడని అవ్వ ఒట్టు పెట్టి చెప్పింది. తాత కాళ్లు మాత్రం వాచిపోయి ఉన్నాయి, వేలితో నొక్కితే పడిన గుంత అట్లాగే ఉండిపోయింది. డబ్బా మళ్లీ నింపి ఇచ్చి, ఉన్నదున్నట్టు పోయి డాక్టరు గారికి చెప్పాను. రోజూ వేసుకుంటున్నా తగ్గలేదంటే మోతాదు రెండింతలు చేయాల్సిందే, దానికీ తగ్గకపోతే మగ్గం మానిపించి కర్నూలు పెద్దాసుపత్రికి పంపాల్సిందే అన్నారాయన. రెండు మూడు రోజులాగి చూసి తేలుస్తానన్నారు. ఈ మాట తాత కొడుకు చెవిన పడింది. ఆయన బట్టల అంగడిలో పని చేసేవాడు, చెడ్డవాడేం కాదు, తండ్రి అంటే ప్రాణం. కానీ ముందు గదికి టైల్స్ వేయించాలని ఆయనకు ఎన్నాళ్లుగానో కోరిక, ఆ గది నట్టనడుమ తండ్రి గుంట ఉంది. నేను మళ్లీ పోయేసరికి, గుంట పూడ్చడానికి తోలించిన ఎర్రమట్టి వాకిట్లో కుప్పగా పోసి ఉంది. తాత ఆ వైపు చూడకుండా నేస్తున్నాడు. గుంట పూడిస్తే ఆయనేం చేస్తాడని అవ్వను అడిగాను.

"ఏం సేస్తాడు పాపా. మంచంలో పండుకుంటాడు. ఇంగ లెయ్యడు" అంది అవ్వ.

నేనిచ్చిన డబ్బా, నేను చెప్పిన మాట ఆ మట్టికుప్పను అక్కడికి తెచ్చాయని అర్థమై నాకు భయం వేసింది. ఆ భయంలో ఉండగానే అవ్వ నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, నవ్వనంటే ఒకటి అడుగుతానంది. "మేకకు సక్కెర జబ్బు వస్తాదా పాపా?" మగ్గం పక్కన గుంజకు కట్టేసిన మేక సంగతి అది. నెల నుంచీ బకెట్లకు బకెట్లు నీళ్లు తాగుతోందట. "తాగతానే ఉంటాది, పోస్తానే ఉంటాది. ఇల్లు కడగలేక సస్తాండా. దిష్టి తీసినా తగ్గలే" అంది. నాకు ఒళ్లు మండింది. నేను చదువుకున్నదాన్ని, మనుషుల మందులు చూసేదాన్ని, నాకు కోటుంది. పశువుల ఆసుపత్రికి తోలుకుపొమ్మని చెప్పి ముఖం తిప్పుకున్నాను.

అట్లా తిప్పుకోవడంతో నా ముఖం తాత వైపు తిరిగింది. ఆయన గుంటలోనే కూర్చుని పొద్దుటి జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తింటున్నాడు. రొట్టె చివరి ముక్కకు వచ్చేసరికి అవ్వ పోయి డబ్బాలోంచి మాత్ర తీసి చేతిలో పెట్టి, నేను నేర్పినట్టే ఎదురుగా నిలబడింది. తాత మాత్ర నోట్లో వేసుకున్నాడు, నీళ్లు తాగాడు, నోరు తెరిచి చూపించాడు. అవ్వ తృప్తిపడి పళ్లెం తీసుకుపోయింది. అప్పుడు తాత ఒకసారి దగ్గి, చేయి నోటికి అడ్డం పెట్టుకుని, తర్వాత ఆ చేత్తోనే రొట్టె ముక్క మడిచి మేకకు అందించాడు. ఆ ఇంట్లో చివరి ముక్క ఎప్పుడూ మేకదే (ఏ మేక ఉంటే ఆ మేకది), అందుకని ఎవరూ అటు చూసేవాళ్లు కాదు. మేక నింపాదిగా నమిలి, నా వైపు ఒకసారి చూసి, బకెట్లో మూతి పెట్టింది.

నేను కోటు విప్పి గుంట ఒడ్డున కూర్చున్నాను. మేకకు కూడా గుండెజబ్బేనా తాతా అని అడిగాను. ఆయన నాడె అందుకుని, పడుగు పోగుల మధ్య దాన్ని అటూ ఇటూ పంపుతూ మళ్లీ నేత మొదలుపెట్టాడు.

"మాత్ర మంచిదే పాపా" అన్నాడు చివరికి. "అది ఏసుకుంటే నేను నేసేవాన్ని కాదు, నడిసేవాన్ని. ఊరికూరికే ఈడ్నించి లెయ్యాల, దొడ్లోకి పోవాల, మల్లా వచ్చి దిగాల. ఈ మోకాళ్లతో అదే సాలు. ఇంగ సీర ఎప్పుడు నేసేది?"

పారేయొచ్చు కదా, మేకకెందుకు పెట్టావంటే, పారేస్తే ఊడ్చేటప్పుడు అవ్వకు దొరుకుతుందన్నాడు. అదీగాక మందును నేలపాలు చేయడానికి మనసొప్పలేదట. మరి మర్చిపోతున్నానని ఎందుకు చెప్పావంటే, "నువ్వు అంత దూరం నుంచి కోటేసుకోని వచ్చినావు. వద్దంటే ఏం బాగుంటాది?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఎన్ని వేసుకున్నావు, ఎప్పుడు వేసుకున్నావు అని ఆయన్ను ఎన్నిసార్లు అడిగానో. పొద్దున్నుంచి ఏం చేస్తావు తాతా అని మాత్రం అడగాలని తోచలేదు. ఇప్పుడు అడిగితే అంతా చెప్పాడు. మధ్యాహ్నం బువ్వ తిన్నాక మళ్లీ గుంటలోకి దిగడట. అరుగు మీద నూలు చుట్టుకుంటూ కూర్చుంటాడట. "కొడుక్కు మాత్రం సెప్పాకు పాపా. ముసలోనికి మతి పోయిందని ఈ దినమే పూడుస్తాడు" అన్నాడు.

కొడుక్కు చెప్పకపోయినా డాక్టరు గారికి చెప్పక తప్పదు. లేకపోతే మోతాదు రెండింతలవుతుంది, ఆ దెబ్బకు తాతో మేకో ఎవరో ఒకరు పోతారు. ఆ సాయంత్రమే పోయి, తాత మాత్ర వేసుకోవడం లేదని, ఎందుకు వేసుకోవడం లేదో కూడా చెప్పి, మధ్యాహ్నం తిన్నాక ఇవ్వొచ్చా, అరుగు మీద కాళ్లు ఎత్తు పెట్టుకుని కూర్చోమందామా అని అడిగాను. ఆయన ఆలోచించి సరేనన్నారు. రెండింతల మాట అక్కడితో ఆగిపోయింది. చీటీ మార్చి రాస్తూ, మరి డబ్బా ఖాళీ అయిందన్నావు కదమ్మా, ఆ మాత్రలు ఎవరు వేసుకున్నట్టు అన్నారు. ఇంట్లో ఇంకొకరు సార్ అన్నాను. ఒకరి మందు ఇంకొకరు వాడకూడదని వాళ్లకు గట్టిగా చెప్పమని, ఆ ఇంకొకరిని కూడా ఒకసారి తీసుకొస్తే బీపీ చూస్తానని అన్నారు. వయసెంత అని అడిగారు. చిన్నదే సార్ అన్నాను.

కొన్నాళ్లకు తాత కాళ్లు తగ్గుముఖం పట్టాయి. కొడుకు టైల్స్ వేయించుకున్నాడు, గుంట చుట్టూ. వాకిట్లో మట్టి మీద అవ్వ చిక్కుడు పాదు పెట్టింది. ఆమె నన్ను ఏమీ అడగలేదు గాని, నేను గుంట ఒడ్డున కూర్చున్న రోజు మర్నాటి నుంచే మేకను పెరట్లో కట్టేయడం మొదలుపెట్టింది. వీధిలో మాత్రం ఆ కోటు పాప మేకను ముట్టుకోకుండానే నయం చేసిందని చెప్పుకున్నారు. తర్వాత నేను ఎప్పుడు పోయినా బిస్కట్ల డబ్బాలకు ముందు మేకలు వచ్చేవి. ఒకాయన ఈనని బర్రెను తోలుకొచ్చాడు. నేను కోటు తొడుక్కోవడం మానేశాను.

ఇప్పుడు నాకూ బీపీ. నాకు రాసిన మాత్రలో నీళ్ల మాత్ర కలిసే ఉంది. షాపు పని మీద అప్పుడప్పుడు ఎమ్మిగనూరు పోవాలి, మధ్య దారిలో బస్సు ఎక్కడ ఆపమని అడగాలి? అట్లా పోయే రోజు పొద్దున మా అమ్మాయి నీళ్లగ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడుతుంది. ఇంటర్ చదువుతోంది, దానికి తెలియనిది లేదు. మింగినావా అమ్మా అంటుంది. మింగినానే అంటాను, నోరు తెరిచి చూపిస్తాను కూడా. తర్వాత మెట్లు దిగుతూ ఒకసారి దగ్గుతాను. మా ఇంట్లో మేక లేదు కనుక మాత్రను కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంటాను, ఎమ్మిగనూరులో దిగాక వేసుకుందామని. బస్సులో కూర్చున్నాక, ఏ కోటు పిల్లో నా పక్కన చేరి, పొద్దున్నుంచి ఏం చేస్తావక్కా అని అడిగితే ఉన్నదంతా చెప్పేయాలనిపిస్తుంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు. కండక్టరు వచ్చి "జరుగు పెద్దమ్మా" అంటాడు, నేను నవ్వుకుంటూ జరుగుతాను.