గడప దగ్గరే జవాబు

ఆ ఆదివారం మా తమ్ముడు అవేజ్ నా కళ్లముందు చేసిన చివరి పని, ప్లగ్గు తీయకుండానే పాత టూత్‌బ్రష్‌తో కంప్యూటర్ ఫ్యాన్ దుమ్ము దులిపి, మూత పెట్టి, మూడు స్క్రూలు బిగించడం. నాలుగోది కనబడలేదు. "దొరికినంక పెడ్త ఆపా" అన్నాడు. నేను బస్సెక్కి ఇచ్చోడకు, నా బడికి, వచ్చేశాను. తెల్లారేసరికి గుండె ఆగి పోయాడు. ముప్పై నాలుగేళ్లు.

కరీంనగర్‌లో కిరాయి ఇంట్లోనే కంప్యూటర్లు బాగుచేసేవాడు. చాయ్ పూర్తిగా చల్లారితే గానీ తాగడు. ఎక్కడో సెకండ్‌హ్యాండ్‌లో ఒక నెట్‌వర్క్ కార్డు కొన్నాడు. మామూలు కార్డు వచ్చిన సందేశాన్ని కంప్యూటర్‌కు అందించి ఊరుకుంటుంది. ఇది తనలోనే ప్రోగ్రాం నడుపుకుంటుంది. వాడు పెట్టిన వెబ్ పేజీలో జమ్మికుంట మార్కెట్ పత్తి ధర ఎవరు అడిగినా, కంప్యూటర్ దాకా పోనీయకుండా కార్డే జవాబిచ్చేది.

"మన నానీ లెక్క" అనేవాడు, మా అమ్మమ్మను తలచుకుని. "గడప కాడ కూసోని, ఎవలొచ్చినా ఆడనే జవాబు చెప్పి పంపేది. లోపలోళ్లను లేపకపోయేది."

"అంటే నన్ను సుత గడప కాడినుంచే ఎల్లగొడ్తవా?"

"నీకు వేరే జవాబు పెట్టిన. ఫికర్ చెయ్యకు."

పెట్టాడు. ఫోన్‌లో ఆ పేజీ తెరిచి 'ఉన్నవా?' అని పంపితే రెప్పపాటులో వచ్చేది: 'ఉన్న ఆపా. చాయ్ తాగినవా?'

వాడు పోయాక కూడా వచ్చేది. పత్తి ధర మాత్రం ఆ శనివారం దగ్గరే ఆగిపోయింది. బడిలో ఇంటర్వెల్ గంట కొట్టగానే కిటికీ దగ్గర నిలబడి అడిగేదాన్ని. తాగలేదని రాసేదాన్ని. దానికి జవాబు ఉండదని తెలుసు.

నలభయ్యో రోజు చాలీస్వా అయ్యాక ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ జవాబు ఎక్కడ పోతుందోనని ఒకటే పరేషాన్. డిస్కులో ఉన్నదంతా రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించాను. నాలుగో స్క్రూ బల్ల కింద దొరికితే బిగించాను. కంప్యూటర్‌ను పద్ధతిగా బంద్ చేసి, ప్లగ్గు తీసి, దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

ఇచ్చోడలో అది చక్కగా ఆన్ అయింది. 'ఉన్నవా?' అని పంపాను. ఏమీ రాలేదు.

వాడి దోస్తు భానుప్రసాద్ వచ్చి రోజంతా వెతికాడు. ఆ ప్రోగ్రాం డిస్కులో లేదు. అవేజ్ దాన్ని నేరుగా కార్డులోనే రాశాడు, కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలో. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కాబట్టి ఇన్నాళ్లూ నిలిచింది.

"ప్లగ్గు తీసే ముందు నాకొక్క ఫోన్ చేస్తే అయిపోయేది అక్కా" అన్నాడు, నా ముఖం చూడకుండా.

ఇల్లు ఖాళీ చేసిన రోజు తెర నల్లబడ్డాక, ప్లగ్గు మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాను. ఇక పలకదనుకుని ఏమీ అడగలేదు. కంప్యూటర్ బంద్ అయినా, ప్లగ్గు తీసేదాకా కార్డు మేలుకునే ఉంటుందట. అప్పుడు అడిగినా జవాబు వచ్చేదట.