నాలుగో మనిషి కోసం తలుపు కొట్టిన అప్పలనరసమ్మ గారు

పోయిన గురువారం మధ్యాహ్నం అప్పలనరసమ్మ గారు కన్నుమూశారు. వరండాలో ముగ్గురు స్నేహితురాళ్ళతో కలిసి పచ్చి బఠాణీలు ఒలుస్తూ, "ఉండండర్రా, కాసేపు ఒరిగి వత్తాను" అని గదిలోకి వెళ్ళారట. టీకి పిలిస్తే పలకలేదు. నేనప్పుడు ఊరి చివర కోనిలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఫోనులో ఆ వార్త విని, "ఏ అప్పలనరసమ్మ గారు?" అని అడిగాను. బిలాస్‌పూర్ సర్కండాలోని మా వృద్ధుల నివాసంలో ఆ పేరు గలవారు ఒక్కరే. అయినా అలాగే అడిగాను. దిగ్భ్రాంతి మనిషి చేత ఎంత అర్థంలేని ప్రశ్న వేయిస్తుందో ఆనాడు తెలిసింది.

ఆ సాయంత్రానికే ఇంకో మాట చెవిన పడింది. "డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో ఆ గంతులేమిటి? అందుకే పోయింది" అని. ఈ నాలుగు మాటలు రాయడం ఆమెను కీర్తించడానికి మాత్రమే కాదు, ఆ మాట అబద్ధమని చెప్పడానికి కూడా.

పలాస దగ్గరి పల్లె నుంచి పెళ్ళై బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కు వచ్చిన మనిషి ఆవిడ. లోకోషెడ్‌లో పనిచేసే భర్త అకాలమరణం పాలైతే, ముప్పై ఏళ్ళైనా నిండకుండానే ఆయన బదులు ఉద్యోగంలో చేరి, బుకింగ్ కౌంటర్‌లో టిక్కెట్లు కొడుతూ కొడుకును పెంచారు. డ్యూటీ అయ్యాక సాయంత్రం పూట రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో రింగు ఆట ఆడేవారు. వల మీదుగా రబ్బరు రింగును విసరడం, అవతలివాళ్ళు ఒంటిచేత్తో పట్టుకోవడం, ఇంతే ఆ ఆట. వితంతువుకు ఆటలేమిటని ఆనాడు లోకం నొసలు చిట్లించింది. ఆవిడ పట్టించుకోలేదు.

నా భార్య పోయిన ఏడాదికి నేనీ నివాసానికి వచ్చాను. బ్యాంకు మేనేజరుగా రిటైరైన నాకు పుస్తకాలున్నాయి, మౌనం ఉంది, చాలనుకున్నాను. భోజనం గదికే తెప్పించుకునేవాణ్ణి. రెండు నెలలు గడిచాక ఒక పొద్దున తలుపు ధనధనా మోగింది. తీస్తే, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, తెల్ల కాన్వాసు బూట్లతో అప్పలనరసమ్మ గారు.

"ఏటి బాబూ, తలుపులేసుకుని ఏటి సేస్తన్నారు?"

"చదువుకుంటున్నానండి."

"అచ్ఛా. సదువు ఎక్కడికీ పోదు. ముగ్గురుమే ఉన్నాం, ఆటకి నాలుగో మనిషి కావాల. రండి."

నాకు రాదన్నాను. మనసు బాగాలేదన్నాను.

"మీ మనసు కోసరం కాదు బాబూ, నా ఆట కోసరం పిలుస్తన్నాను!"

అప్పటిదాకా అందరూ నన్ను ఓదార్చడానికే వచ్చారు. నాతో పని ఉందంటూ వచ్చినది ఆవిడ ఒక్కరే. చెప్పులు వేసుకుని వెంట వెళ్ళాను.

అలా గదుల్లోంచి ఆవిడ లాక్కొచ్చిన వాళ్ళం పధ్నాలుగు మందిమి. ఆటైపోయాక అందరం ఒకే బల్ల దగ్గర ఉప్మా తినేవాళ్ళం. శీతాకాలంలో ఓ ఆదివారం మమ్మల్నందరినీ మామూలు బస్సులో రతన్‌పూర్ గుడికి తీసుకెళ్ళారు. "పెద్దోళ్ళు, పాపం" అని కండక్టరు జాలిపడితే, "పాపం ఏటి? టిక్కెట్టు కొట్టు!" అని గదిమారు.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. ఓ వర్షాకాలం సాహూ దీదీ ఆడుతూ కోర్టులో జారి పడింది. ఆమె రిటైరైన బడిపంతులమ్మ, స్థానికురాలు. కుడి మణికట్టు విరిగింది. నివాసం మేనేజరు భయపడి, ఆటలు నిషేధిస్తున్నట్టు నోటీసు తయారుచేశాడు. నివాసుల కమిటీ కార్యదర్శిని నేను. భద్రతే ముఖ్యమనుకుని సంతకం పెట్టాను. వల తీసేశారు. ఆడదలచినవారు తమ పిల్లల చేత అనుమతి పత్రం రాయించుకు రావాలన్నారు.

అప్పలనరసమ్మ గారు నన్ను నిందించలేదు. నోటీసు చదివి, "మీరే ఎట్టీసినారా బాబూ, సంతకం?" అన్నారు. అంతే. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున చూద్దును గదా, ఆవిడ బట్టలారేసుకునే తాడు రెండు స్తంభాలకూ కట్టేసి, దాని మీద తన పాత చీర వేలాడదీసి ఆడుతున్నారు. అవతలి వైపు సాహూ దీదీ! కుడిచేయి కట్టులో వేలాడుతోంది, ఎడమచేత్తో రింగు పడుతోంది. మేనేజరు పరుగెత్తుకొచ్చి, "దీదీ, ఇదేం పని?" అంటే, ఆమె నవ్వి, "బాయా హాథ్ తో హై నా!" అంది. ఎడమచేయి ఉంది కదా అని. పడిన మనిషికే లేని భయం నాకెందుకో నాకు అర్థం కాలేదు.

పిల్లల్ని పిలిపించి సమావేశం పెట్టారు. అప్పలనరసమ్మ గారి కొడుకు ఈశ్వర్ నాగ్‌పూర్ నుంచి వచ్చాడు. "అమ్మా, జిద్ మత్ కర్, మొండిపట్టు వద్దు. ఏదన్నా అయితే ఎవరు చూస్తారు?" అన్నాడు. అతని గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ.

ఆవిడ లేచి నిలబడ్డారు. "నాకు ముప్పై నిండకుండా మీ నాన్న పోతే నానే సంతకాలు ఎట్టినాను. నీ బడికీ, నీ పెళ్ళికీ నానే ఎట్టినాను. ఇప్పుడు నా కాళ్ళు నాను కదపడానికి నువ్వు సంతకం ఎడతావా? కూకుని సచ్చిపోడానికి ఎవలి పర్మిషనూ అక్కర్లేదు గానీ, ఆడుకుని బతకడానికి కావాలేటి?"

నేను లేచి, నా సంతకాన్ని ఉపసంహరించుకుంటున్నానని చెప్పాను. ఎవరి పూచీ వారే రాసిచ్చాం. మూడో రోజుకు వల మళ్ళీ వచ్చింది.

గత ఏడాది ఆవిడ గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పాడు. మందులు వేళకు వేసుకున్నారు. డాక్టరు మాట మన్నించి ఆట మానేశారు. కోర్టు పక్కన కుర్చీ వేయించుకుని తీర్పులివ్వడం మొదలుపెట్టారు. ఆ అన్యాయాలను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది! చివరి ఏడు నెలల్లో ఆవిడ రింగు పట్టనే లేదు. ఆట వల్ల పోయారనేవారు ఇది గమనించాలి. ఆవిడ గుండె జబ్బుతో పోయారు. ఆట వల్ల బతికారు. ఆవిడే కాదు, నేనూ బతికాను.

సంతాపసభలో మేనేజరు మళ్ళీ భద్రత ప్రస్తావన తెచ్చాడు. ఈసారి నేను కూర్చుని ఊరుకోలేదు. "రేపు పొద్దున ఆరింటికి ఆట ఉంటుంది" అని ప్రకటించాను. సాహూ దీదీ అందరికన్నా ముందు చెయ్యెత్తింది. ఈశ్వర్ తల వంచుకుని విన్నాడు, అడ్డు చెప్పలేదు.

మర్నాడు ఆరింటికి అతను కోర్టుకు వచ్చాడు. తల్లి ఆడగా అతను ఎన్నడూ చూడలేదట. ఆట ముగిశాక నా పక్కన కూర్చుని, "అంకుల్, సచ్ చెప్పండి. మా అమ్మ ఇక్కడ ఖుషీగా ఉండేదా?" అని అడిగాడు.

పుణ్యాత్మురాలనీ ప్రశాంతంగా ఉండేదనీ చెప్పవచ్చు. కానీ అది ఆవిడ కాదు. "బాబూ, నా చేతిలో ఓడిపోతే మీ అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడేది కాదు" అన్నాను. అతను నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే మొహం చేతుల్లో దాచుకున్నాడు.

అప్పలనరసమ్మ గారూ, మేము ఆడుతూనే ఉంటాం. అది మీకు మేమిచ్చే నివాళి అనుకోకండి, మా హక్కు. మీరు పోయాక నేను రెండు ఆటలు గెలిచాను. ఎవరూ అలగలేదు. ఆ గెలుపుల్ని ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.