కరెంటు పోయిన్నాడు తాగిన కషాయం

మా ఇంటెనుక మోరీ కాలువ గట్టు పొంటి కొండపిండి ఆకు ఎప్పుడూ ఉంటది. చిన్న ఆకులు, తెల్లటి బూరు పూలు. పెసరపప్పేసి వండితే కూర, నీళ్ళల్ల మరిగిస్తే మందు. ఒంటేలుకు పోతే మంట పుట్టినా, చుక్కచుక్క వచ్చినా మా వాడకట్టుల మొదలు పీకేది దాన్నే. "కొండనే పిండి చేస్తది, రాయెంత?" అంటది మా అత్తమ్మ.

మా ఇంటాయనకు కిడ్నీల రాళ్ళు పడ్డయి. పడకేం చేస్తయి? వరంగల్ల మరమగ్గాల కాడ పొద్దంతా నిలబడి పని. పోగు తెగింది చూసుకోకపోతే బట్ట ఖరాబు. ఒంటేలుకు పోవాల్సొస్తదని నీళ్ళే తాగడు. ఆ షెడ్డుల అందరిదీ గదే అలవాటు.

అత్తమ్మ కషాయం కాసిచ్చేది. తాగితే గడియగడియకు బయటికి పోవాలె. అందుకని ఆయన పనున్న రోజు ముట్టకపోయేటోడు, కరెంటు పోయి మగ్గాలు ఆగిన్నాడే తాగేటోడు. ఓరి దేవుడా, మందుకు సుత కరెంటోళ్ళే ముహూర్తం పెట్టాల్నా! "జర దవాఖానకు పోయి స్కానింగ్ తీయించుకో" అని నేను మొత్తుకుంటే "నీకన్నీ ఫికర్లే" అని నవ్వేటోడు. మొండోడు రాజుకంటె బలవంతుడు.

ఒకనాడు నొప్పి ఆగింది. నడుము పట్టుకొని మెలికలు తిరిగే మనిషి నిమ్మళంగ కూసొని అన్నం తిన్నడు. రాయి కరిగిందన్నరు అందరు. నేను సుత సంతోషపడ్డ. అత్తమ్మ పోచమ్మకు బోనం చేసింది.

కరగలే. కొన్నాళ్ళకు కాళ్ళు ఉబ్బినయి, అన్నం సయించలే. దవాఖానకు తీస్కపోతే డాక్టరమ్మ చెప్పింది: రాయి దారికి అడ్డంపడ్డది, ఆ కిడ్నీ చచ్చిపోయింది, అందుకే నొప్పి ఆగింది. రెండోది సుత ఖరాబైంది. చేతులు కాలినంక ఆకులు పట్టుకునుడంటే గిదే. ఆకు మీద నాకు కోపం లేదు. మనిషి నీళ్ళే తాగకపోతే అదేం చేస్తది? నా కోపమంతా ఆ షెడ్డు మీద, నా మొగని మీద.

ఇప్పుడు డయాలసిస్ మీదనే బతుకు. ఒంటేలు మొత్తానికే బందైంది. నీళ్ళు ఎక్కువ ఇయ్యద్దన్నరు. "ఇంకిన్ని పొయ్యవే" అని బతిమాలుతడు. నాకు ఏడుపొస్తది, అయినా పొయ్య.

రోజూ పొద్దున అత్తమ్మ ఆయన మంచం కాడికొచ్చి అడుగుతది. "కొడుకా, ఇయ్యాలన్న ఒంటేలు వచ్చిందా?"

"లేదే అవ్వా" అంటడు. ఆమె ఇగ పొద్దుటి అన్నం ముట్టది.

మొన్న మాత్రం "వచ్చిందే అవ్వా" అన్నడు. అబద్ధమని నాకు తెలుసు. ముసల్ది ఆ పూట కడుపునిండ తిన్నది.