ఒరిజినల్స్ ఇవ్వొద్దు

మొన్న బోధన్‌లో నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులోకి ఒక అమ్మాయిని తీసుకోవాల్సి వచ్చింది. ల్యాబు చూసేది నేనే కాబట్టి ప్రశ్నలు నేనే అడిగాను. అంతా అయ్యాక పక్కన కూర్చున్న మా పెద్ద డాక్టరుగారు అలవాటుగా, "సర్టిఫికెట్లు ఇక్కడ పెట్టిపో అమ్మా" అన్నారు. ఆ పిల్ల ఫైలును ఒడిలోకి లాక్కుని, తొణక్కుండా, "జిరాక్సులు ఇస్తాను సార్. ఒరిజినల్స్ నా దగ్గరే ఉంటాయి" అంది. ఆ మాట, మధ్యలో ఆ ఆగడం, చివర్లో ఆ చిన్న నవ్వు, అన్నీ మా మేడంవే.

మేడం నిజామాబాద్‌లో మేము చదివిన ప్రైవేటు డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పేవారు. సాయంత్రం క్లాసులయ్యాక ఫైనలియర్ వాళ్ళను కూర్చోబెట్టి ఉద్యోగాలకు తర్ఫీదు ఇచ్చేవారు. ఇమ్మని ఎవరూ అడగలేదు, జీతంలో కలిపిందీ లేదు. తానే యజమాని అయిపోయి, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, బల్ల మీద వేళ్ళతో కొడుతూ మమ్మల్ని గద్దించేవారు. ఆ ఉత్తుత్తి ఇంటర్వ్యూలో ఎవరైనా ఒరిజినల్స్ ఇచ్చేస్తే అందరికీ మిర్చి బజ్జీలు తినిపించాలని నియమం. నా వంతు రాగానే నేను ఫైలు తీసి రెండు చేతులతో సమర్పించుకున్నాను. మా అమ్మ బీడీలు చుట్టిన పైసలు ఆ రోజు బజ్జీల పాలయ్యాయి. "సూడు బిడ్డా, నౌకరి నచ్చకపోతే లేచి వచ్చేటట్టుండాలె. కాయితాలు ఆళ్ళ బీరువల ఉంటే నువ్వు గూడ అండ్లనే ఉన్నట్టు" అనేవారు మేడం, బజ్జీ తింటూనే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రోజు మేడం ఫోన్ చేశారు. ప్రభుత్వ గురుకుల కాలేజీలో లెక్చరర్‌గా ఎంపికయ్యారట. మర్నాడు హైదరాబాద్‌లో సర్టిఫికెట్లు చూపించాలి. వయసు ప్రకారం ఇక మళ్ళీ పరీక్ష రాసే వీలు లేదు. "జర నా తోడు మన కాలేజీకి వస్తవా?" అన్నారు. ఎందుకో అక్కడికి పోయాకే తెలిసింది. చేరిన రోజు ఆమె ఒరిజినల్స్ తీసుకుని యాజమాన్యం బీరువాలో పెట్టుకుందట. ఎండాకాలం ఊళ్ళు తిరిగి అడ్మిషన్లు తెస్తే ఇస్తామన్నారట. పాపం, షేర్ ఆటోల్లో కమ్మర్‌పల్లి దాకా తిరిగి పిల్లలను తెచ్చారు. అయినా ఇవ్వలేదు. "తాళంచెవి సేటు దగ్గరున్నది మేడం. ఆయన ఊర్ల లేడు, ఫోన్ లేపుతలేడు. నేనేం జెయ్యాలె?" అన్నాడు గుమాస్తా. చీకటి పడేదాకా ఆ బీరువా ఎదురుగా కూర్చున్నాం. మమ్మల్ని అంతగా గద్దించిన మనిషి అతన్ని బతిమాలుతుంటే చూడలేక నేను గోడ వైపు తిరిగాను. బయటికొచ్చాక ఉండబట్టలేక, "మీరెందుకిచ్చిండ్రు మేడం?" అన్నాను. "నాకు చెప్పేటోళ్ళు లేకుండ్రి" అన్నారు. రెండడుగులు వేసి ఆగి, "నీయి నీ దగ్గర్నే ఉన్నయి గదా?" అని అడిగారు. నాకు ఏడుపు ఆగలేదు. మర్నాడు జిరాక్సులతోనే హైదరాబాద్ వెళ్ళారు. వాళ్ళు వెనక్కి పంపేశారు. ఆ వారంలోనే మళ్ళీ సాయంత్రాలు పిల్లల ముందు యజమానిగా కూర్చున్నారని విన్నాను.

డాక్టరుగారు మొహం మాడ్చుకున్నా, నేను ఆ అమ్మాయి దగ్గర జిరాక్సులే తీసుకున్నాను. మెట్ల దాకా వెంట వెళ్ళి, మేడం ఎట్లా ఉన్నారని అడిగాను. "మంచిగున్నరు మేడం. గీ ఏడుతోటి రిటైర్మెంటట. సర్టిఫికెట్లు వాపస్ ఇస్తమన్నరట" అంది సంబరంగా. ఇస్తారు, ఇప్పుడు ఎందుకివ్వరు? ఇక వాటిని ఎవరికి చూపించినా మార్కుల దాకా పోరు, పుట్టిన తేదీ దగ్గరే ఆగిపోతారు.