మూరెడు తగ్గిన మా ఊరి ప్రభ

పోయిన ఆదివారం పొద్దున మా హైస్కూలు లెక్కల మాస్టారు పోయారని అద్దంకి నుంచి ఫోను వచ్చింది. తొంభైకి దగ్గర పడ్డ మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయారట. ఏడుపొచ్చింది, దాచను. కానీ ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే దిగులు నిలవడం లేదు, ఉత్సాహం తన్నుకొస్తోంది. ఆయన్ని తలుచుకుని నీరసంగా ఉండటం నాకు చేతకాదు, మీరేమనుకున్నా సరే.

ఎనభైల్లో మా వైపు లెక్కలంటే పదో తరగతి తప్పించే సబ్జెక్టని పేరు. "లెక్కలు చదివితే బడిపంతులు కాక ఇంకేమవుతారండీ?" అని ఎవరైనా అంటే చాలు, మాస్టారు సైకిలుకి స్టాండు వేసేవారు. అది మిరప కళ్ళమైనా, పత్తి చేను గట్టయినా ఆయనకి ఒకటే. "తుఫాను మన మీదికొస్తుందో, బందరు వైపు పోతుందో చెప్పేదెవరనుకున్నావ్? లెక్కలవాళ్ళు. డ్యాము గోడ ఎంత మందం కట్టాలో చెప్పేదెవరు? వాళ్ళే. రైళ్ళు గుద్దుకోకుండా టైములు వేసేదెవరు?" అవతలివాడు కాయలు ఆరబోసుకోవాలి వదలండి మాస్టారూ అని మొత్తుకున్నా వదిలేవారు కాదు. నేను మాత్రం ఆ తుఫాను ఉద్యోగం మీద మనసు పారేసుకున్నాను.

ఇంట్లో సంగతి వేరు. పది అవగానే చదువు చాలని మా నాన్న తేల్చేశారు. కాలేజీకి రెండు బస్సులు మారి అద్దంకి వెళ్ళాలి, ఆడపిల్ల, పైగా లెక్కలా? మాస్టారు నచ్చజెప్పడానికి మూడుసార్లు మా ఇంటికొచ్చారు. మూడుసార్లూ మజ్జిగ తాగి వెళ్ళారు. మా నాన్న మర్యాదకేం లోటు చేయలేదు, ఒప్పుకోలేదు, అంతే.

ఇంతలో శివరాత్రి వచ్చింది. వెదుళ్ళతో గోపురంలా కట్టి, రంగు గుడ్డలు చుట్టి, బండి మీద నిలబెట్టే ప్రభలు మీరు చూసే ఉంటారు. కొండ కింద తిరునాళ్ళలో మా ప్రభ ఎత్తా, పక్కూరిది ఎత్తా అని ఏటా తగువే. మా ప్రభ కట్టించే పెద్ద మా నాన్న. ఆ ఏడు మాస్టారు మైకు పట్టుకుని, "కొట్టుకోకండి, మా పిల్లలు నీడ కొలిచి చెబుతారు" అని ప్రకటించేశారు. మీటరు కర్ర నిలబెట్టి, దాని నీడతో ప్రభ నీడను పోల్చి ఎత్తు లెక్కకట్టడం ఆయన మాకు నేర్పిన పాఠమే. జనం లెక్కల చుట్టూ మూగడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

నీడ కొలిచే తాడు చివర పట్టుకునే పని నాది. మా ప్రభ పొడుగని తేలింది, మైకులో చెప్పేశారు కూడా. డప్పులు మొదలయ్యాయి, మా నాన్న కండువా గాల్లో తిప్పుతున్నారు. అప్పుడు తట్టింది నాకు. కొలత ప్రభ కొనకి సరిగ్గా కిందనుంచి, అంటే బండి మధ్యనుంచి మొదలవ్వాలి. మా బండికి అట్లాగే చేశాను. పక్కూరివాళ్ళు బండి కిందికి దూరనివ్వకపోతే చక్రం దగ్గరే తాడు పట్టుకున్నాను. వాళ్ళ నీడ ఆ మేరకు తగ్గింది.

వెళ్ళి మాస్టారి చెవిలో చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. "నువ్వే పట్టుకున్నావా? తప్పు దొరికిందంటే సగం పని అయిపోయినట్టేనమ్మా" అని నేరుగా మైకు దగ్గరికి నడిచారు. "అయ్యలారా, ఇందాక చెప్పిన లెక్క తప్పు. మా అమ్మాయే పట్టుకుంది. మళ్ళీ కొలుస్తాం" అన్నారు. డప్పులు ఆగిపోయాయి. ఈసారి పక్కూరివాళ్ళే బండికి కట్టిన గుడ్డ ఎత్తి నన్ను లోపలికి పంపారు. పొద్దు జరిగింది కాబట్టి కర్ర నీడ కూడా కొత్తగా కొలిచాం. మా ప్రభ మూరెడు తక్కువని తేలింది.

మా నాన్న మొహం మాడిపోయింది. "నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేదే?" అన్నారు. ఇక కాలేజీ కలలో మాటే అనుకున్నాను. ఇంతలో పక్కూరి పెద్దాయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఎవరి పిల్లయ్యా ఈ పిల్ల? గెలిచిన ఊరోళ్ళని నిలబెట్టి నిజం చెప్పింది. మా ఊళ్ళో ఇట్టా చెప్పగలిగిన మగాడు కూడా లేడు. ఏం చదివిస్తన్నారు?"

మాస్టారు నోరు మెదపలేదు. ఆయన మాట్లాడకుండా ఉండటం నేను చూసింది ఆ ఒక్కసారే. మా నాన్న కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "మా అమ్మాయేనండి. లెక్కలు చదివిస్తన్నాం" అన్నారు.

తరవాత ముప్ఫై ఏళ్ళకు పైగా తుఫానుల దారి లెక్కగట్టే ఆఫీసులోనే పనిచేశాను. నా లెక్క తప్పిన రోజులున్నాయి. తప్పిందని తెలిసిన నిమిషంలోనే పైవాళ్ళకి చెప్పడం నాకెప్పుడూ బరువనిపించలేదు, అది ఆయన చలవే.

ఆ ఏడు జూన్‌లో నన్ను కాలేజీలో చేర్చడానికి మా నాన్నతో పాటు మాస్టారు కూడా వచ్చారు, పిలవకుండానే. ఏ గ్రూపని గుమాస్తా అడిగాడు. మా నాన్నకి గ్రూపుల పేర్లు తెలియవు. "లెక్కలుండేది రాయండి. తప్పయితే మా పిల్ల ఊరుకోదు, ముందే చెబుతున్నా" అన్నారు. నేను నవ్వుతూ వెనక్కి తిరిగాను. మాస్టారు మాకు వీపు పెట్టి, వరండాలో నోటీసు బోర్డు ముందు నిలబడి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు చదివారు. బోర్డు మీద ఆ రోజు ఒక్క కాగితం కూడా లేదు.