బావ కథకు ఊఁ కొట్టాను

మా బావ రెండో సినిమా పోయిందని మా వాళ్లంతా అయ్యో అనుకున్నారు. నేను అనుకోలేదు. దాన్ని ముంచడంలో నా చెయ్యి కూడా ఉంది. ఆ మాట రాయడానికి నాకేమీ సిగ్గు లేదు.

ఆమదాలవలసలో మాది కిరాణా కొట్టు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ మామ్మ వెనక గదిలో చింతపండు పిక్కలు తీస్తూ కూర్చునేది. నేను రాసుకుంటున్న కథ ఆమెకు సీను సీనుగా చెప్పేదాన్ని. కథ వినేవాళ్లు ఊఁ కొట్టాలి, కొట్టకపోతే చెప్పేవాళ్లు ఆపేస్తారు. స్క్రీన్‌ప్లే నేను నేర్చుకున్నది ఆ ఊఁ లోంచే. సబ్బుల అట్టపెట్టెలు చింపి, ఒక్కో ముక్క మీద ఒక్కో సీను రాసి నేల మీద పేర్చేదాన్ని. ఊఁ వెంటనే వస్తే ముక్క ఉంటుంది. ఆలస్యంగా వస్తే సీను సాగిందని సగం కొట్టేస్తాను. అసలు రాకపోతే ముక్క పొయ్యిలోకే. "అయితే?" అని మామ్మ చేతిలో పని ఆపిందంటే ఇంటర్వెల్ అక్కడ. "మరాడేటైపోనాడే?" అందంటే ఎవడినో నేను మధ్యలో వదిలేశానన్నమాట. ముక్కలన్నీ నిలబడేదాకా ఒక్క డైలాగు కూడా రాసేదాన్ని కాదు.

ఇదంతా మా మేనత్త కొడుక్కి తెలుసు. హైదరాబాదులో అసిస్టెంటుగా తిరిగి తిరిగి, డైరెక్టరు ఛాన్సు రాగానే నా స్క్రీన్‌ప్లే పట్టుకెళ్లాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడిగేదాన్ని, "బావా, నా పేరు పడతాది కదా?" అని. "ఊఁ" అనేవాడు.

శ్రీకాకుళం హాల్లో మామ్మ పక్కన కూర్చుని టైటిల్స్ చూశాను. కథ, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం, అన్నీ ఆయనగారే.

"నీ పేరేదే?" అంది మామ్మ.

"పడలేదు."

"మరాడు ఊఁ అన్నాడని సెప్పినావు?"

ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. సినిమా బాగా ఆడింది. తర్వాత యూట్యూబులో కూర్చుని "కథకు నాదో పద్ధతి ఉందండీ" అంటూ మామ్మ ఊఁని, నా అట్టముక్కల్ని తనవే అని చెప్పుకున్నాడు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోను? "మనోడే కదే, పోనీ" అంది మేనత్త. నేను పోనివ్వలేదు, మనసులో పెట్టుకున్నాను.

మామ్మ పోయాక, రెండో సినిమాకి తనే కథ రాసుకుని బావ మా కొట్టుకొచ్చాడు. పాత సినిమాలో నా పేరు సంగతి ఎత్తనైనా లేదు.

"ముసల్ది లేదు కదే. నువ్వు ఊఁ కొట్టు సాలు. ఎల్లి షూటింగ్ మొదలెట్టేస్తాను" అన్నాడు.

చింతపండు బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. హీరో తమ్ముడు రెండో సీనులో వచ్చి మళ్లీ కనపడలేదు. అడగలేదు. ఫ్లాష్‌బ్యాక్ దగ్గర ఆవులింత వచ్చింది, దాన్ని మింగి ఊఁ అన్నాను. పెళ్లి సీనుకి ఊఁ. కోర్టు సీనుకి ఊఁ. కథ చచ్చిన ప్రతిచోటా ఊఁ. ఇంటర్వెల్ దగ్గర చేతిలో పని ఆపి "అయితే?" అని కూడా అడిగాను. బావ మొహం వెలిగిపోయింది. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

విడుదల రోజున గజపతినగరం హాలుకి వెళ్లాను. ఇంటర్వెల్లో టీకని లేచిన జనంలో సగం మంది తిరిగి రాలేదు. వెనక వరసలో ఎవడో "మరీడి తమ్ముడేటైపోనాడ్రా?" అన్నాడు. మామ్మే అడిగినట్టనిపించి నవ్వుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత బావ ఫోన్ చేశాడు.

"నువ్వు ఊఁ కొట్టినావు కదే."

"నా పేరడిగినప్పుడు నువ్వూ కొట్టినావు కదా బావా."

ఊఁ అంటాడేమోనని చూశాను. ఊఁ రాని చోట సీను కొట్టేయాలి కదా, ఫోన్ పెట్టేశాను.