నాకూ అదే డాక్టరు

ఎవరు ఏ జబ్బు చెప్పినా అది మా ఓడ డాక్టరుగారికీ ఉంటుంది. తలనొప్పి అనండి, "నాకూ అదేనమ్మా" అంటారు. అని ఊరుకోరు. మీకివ్వాల్సిన మందు ముందు తాను ఒక మోతాదు పుచ్చుకుని, పక్క మంచం మీద పడుకుని మూలుగుతారు. గంట గడిస్తే గానీ మీకు సీసా దక్కదు.

ఓడంటే సముద్రంలోది కాదు, చుక్కల మధ్య పోయేది. పోవడం కూడా పాత మాటే. ఇంజను ఆగి ఏడు నెలలైంది. సాయం వస్తుందన్న ఆశ నాకైతే లేదు. నేనిక్కడ నీటి పరీక్షలు చేస్తాను. తాగునీరు ఎన్నాళ్లకు సరిపోతుందో తెలుసు కాబట్టి నాకు కంటిమీద కునుకు లేదు. చంకలో పది నెలల పాప.

ఇంజను మెకానిక్ మా ఆయనే. ఆయన ఒకసారి మలబద్ధకమని వెళ్లారు. "నాకూ అదే," అన్నారు డాక్టరుగారు. ఆ మధ్యాహ్నమంతా మా ఆయన మరుగుదొడ్డి తలుపు బయట నిలబడ్డారు.

"డాక్టరుగారూ, జబ్బు నాదండీ."

"కాస్త ఓర్చుకో నాయనా. మందు దివ్యంగా ఉంది," అని లోపల్నుంచి జవాబు.

వంటావిడ మోకాళ్ల నొప్పులని వెళితే, ఆమెకన్నా ముందు ఆయనే కుంటుతూ బయటికొచ్చారు. "ఈయన్ని చూడ్డానికి ఇంకో డాక్టరుండాలి," అందావిడ.

పోయిన నెల పాపకు జ్వరం వచ్చింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఎత్తుకుని పరుగెత్తాను.

"నాకూ అదేనమ్మా," అంటూ డాక్టరుగారు పాప మందులోంచి ఒక చెంచా తాగేశారు. "గంట ఆగు. తడిగుడ్డ వేస్తూ ఉండు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీ వేళాకోళానికి నా బిడ్డే దొరికిందా?"

ఆయన వెళ్లి పక్క మంచం మీద వాలారు. పావుగంటకే లేచి బేసిన్‌లో కక్కుకున్నారు. ఆ సీసా చెత్తబుట్టలో పడేసి, రెండోది విప్పి తాగారు. అదీ కక్కారు. ఇక మిగిలింది ఒక్కటే సీసా.

అప్పుడు చూశాను మందుల ఫ్రిజ్ వైపు. దీపం వెలగడం లేదు. చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది.

"ఎన్నాళ్లయింది?"

"ఇంజనుతోపాటే పోయింది. సగం సీసాలు చెడిపోయాయి. ఏవో తెలీదు. పరీక్ష చేసే యంత్రమూ లేదు. నా పొట్ట ఒక్కటే పనిచేస్తోంది."

"మాకు చెప్పొచ్చుగా."

"చెబితే మందంటేనే భయపడతారు. డాక్టరుకి పిచ్చి అనుకుంటే నవ్వుకుంటారు. ఈ ఓడలో నవ్వుకోడానికి ఇంకేముందమ్మా?"

చివరి సీసాలోంచి ఒక చెంచా తాగి పడుకున్నారు. పాపను ఒళ్లో పెట్టుకుని, గంటసేపు ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను.

"ఆకలేస్తోందమ్మా," అన్నారాయన కళ్లు తెరిచి.

పాప నోట్లో చెంచా పెట్టాను. తెల్లారేసరికి జ్వరం దిగింది. ఇంజను మాత్రం అలాగే ఉంది.

ఇవాళ నాకు వికారంగా ఉంటే వెళ్లాను. డాక్టరుగారు నాడి పట్టుకుని, "నాకూ..." అనబోయి ఆగారు. మళ్లీ చూశారు.

"ఇది మాత్రం నాకు రాదమ్మా," అన్నారు సిగ్గుపడుతూ. "నీ నీళ్ల లెక్కలో ఇంకొకరిని కలుపుకో."